సగం వరస

పెద్దక్క వరస మధ్యలో లేచే మనిషి కాదు. చేతిలో క్రోషియా సూది ఉందంటే ఇల్లు అంటుకున్నా సరే, "ఒక్క వరస, వస్తున్నా" అనేది. పాలు పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వీధి చివరిదాకా వెళ్ళినా అదే మాట. కొరియరతను గంట మీద పెట్టిన వేలు తియ్యకుండా నొక్కినా అదే మాట. ఒకసారి నిజంగానే కరెంటు మీటరు దగ్గర పొగ లేచింది. చిన్నక్క బకెట్టెడు ఇసుక పోసి ఆర్పి, ఒగరుస్తూ లోపలికి వచ్చేసరికి పెద్దక్క చివరి కుట్టు వేసి, దారం ఉండ పక్కన పెట్టి, "ఏమిటే ఆ కంగారు?" అని అడిగింది.

అలాంటి మనిషి ఒక్కసారి వరస మధ్యలో లేచింది. లేచి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలైంది.

వాళ్ళిద్దరిదీ బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టరు. పొడుగైనవి కురచ చేస్తారు, పాడైన జిప్పులు మారుస్తారు, ఒళ్ళు చేసినవాళ్ళకి నడుము వదులు చేస్తారు, చిక్కిపోయినవాళ్ళకి బిగిస్తారు. వీధిలో ఎవరు సుఖంగా ఉన్నారో, ఎవరు దిగులుగా ఉన్నారో అందరికంటే ముందు ఆ కొట్టుకే తెలుస్తుంది. ముందు గదిలో రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, బట్టలు మార్చుకోవడానికి ఒక మూలన తెర. వెనక రెండు గదుల్లో కాపురం. పెద్దామెకు యాభై ఎనిమిది, చిన్నామెకు యాభై మూడు. వీధి మొత్తానికి పెద్దక్క, చిన్నక్క. అసలు పేర్లు కరెంటు బిల్లు మీద ఉంటాయేమో గానీ ఎవరి నోటా లేవు.

పెద్దక్కది పుర్రచెయ్యి. సుద్దగీత ఎడమ చేత్తో గీసేది, ఎడమ చేతి కత్తెర వేరే తెప్పించుకుంది. పనిలో మాత్రం ఆవిడ కంటికి కుడీ ఎడమా లేవు, తిన్ననిదీ వంకరదీ రెండే. చిన్నక్క వేసిన కుట్టు నూలుపోగంత పక్కకి జరిగినా సగం బ్లేడు ముక్క తీసి టకటకా విప్పేసేది. "మళ్ళీ వెయ్యి." అంతే. కోపం లేదు, కేక లేదు. కేక వేస్తే ఎదురు కేక వెయ్యచ్చు. ఆ టకటకకి ఎదురు చెప్పడం ఎలాగో చిన్నక్కకి పదకొండేళ్ళలో తెలియలేదు.

ఆ రోజు కోటు కోసం వచ్చింది ఒక బ్యాంకు ఉద్యోగిని. చిన్నక్క చేతుల పొడవు తగ్గించి, ఇస్త్రీ చేసి, కవరులో పెట్టి ఇస్తోంది. పెద్దక్క తన కుర్చీలో కూర్చుని ఏదో నీలం దారంతో అల్లుకుంటోంది. తల ఎత్తి చూసింది. "ఆగమ్మా" అంది. అల్లిక ఒళ్ళో పెట్టుకుని చెయ్యి చాచి కోటు తీసుకుంది, దాని ఎడమ చేతి మడత తిరగేసింది, బ్లేడు తీసింది. ఆ అమ్మాయి చూస్తుండగానే విప్పేసింది. "ఇది ఇలా ఇవ్వడానికి వీల్లేదు. రేపు రా."

చిన్నక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అమ్మాయి గడప దాటేదాకా కూడా ఆగలేదు.

"దిక్కులేక నా పంచన చేరి నాకే నేర్పుతావా?" అంది.

అన్న మాట గాల్లోనే ఉంది, నోరు జారిందని చిన్నక్కకి తెలిసిపోయింది. ఎందుకంటే అందులో ఒక్క అక్షరం నిజం లేదు. పదకొండేళ్ళ కిందట మొగుడు పోయి, కొట్టు తాళం తియ్యడానికి కూడా చేతులాడక ఫోను పట్టుకుని ఏడ్చింది తనే. మర్నాడు పొద్దున్నకల్లా, ఇరవై ఏళ్ళు చేసిన మంచి ఉద్యోగానికి నీళ్ళొదిలి ఒక ట్రంకు పెట్టెతో దిగింది పెద్దక్క. ఎవరు ఎవరి పంచన చేరారో చెప్పాలంటే పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు.

పెద్దక్క తన ఒళ్ళో ఉన్న అల్లికని సూదితో సహా బుట్టలో పెట్టింది. కత్తెర తీసుకుంది, బ్లేడు తీసుకుంది, ట్రంకు పెట్టె తీసుకుంది. చిన్నక్క వాకిట్లో నిలబడి చూసింది తప్ప "ఆగక్కా" అనే రెండు ముక్కలు నోట్లోంచి రాలేదు. అక్కర్లేనప్పుడు గంటలు గంటలు వాగే నోరది.

అప్పట్నుంచీ కొట్టులో ఒక్క మిషను శబ్దమే. గ్లాసులు రెండు పెట్టి టీ పొయ్యబోవడం, ఒకటి తీసి మళ్ళీ బోర్లించడం రోజూ ఉన్న పనే. పెద్దక్క ఫోను నంబరు ఉంది. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు చిన్నక్క నంబరు నొక్కేది, అవతల ఒక్క రింగు కాగానే పెట్టేసేది. అవతల నుంచి కూడా తిరిగి చేసింది లేదు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు కదా, మొండితనం మాత్రం చెరిసగం పంచుకున్నారు.

అన్నిటికంటే బాధ వేరే ఉంది. చిన్నక్క కుట్లు వంకర పోతూనే ఉన్నాయి. ఉంగరాల జుట్టు, నెరిసినకొద్దీ మొండికేసి కళ్ళ మీద పడేది. ఉఫ్ అని ఊదుకుంటూ కుట్టేది. ఊదినప్పుడల్లా బట్ట కాస్త జరిగేది. ఆ వంకర వంకరగానే కవరులోకి వెళ్ళి, గడప దాటి వెళ్ళిపోతోంది. వేసుకునేవాళ్ళు గమనించరు, ఎవరూ ఒక్క మాట అనరు. ఏ టకటక శబ్దానికి ఒళ్ళు మండేదో ఆ శబ్దం కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటోంది చిన్నక్క. ఇంత సిగ్గులేని చెవులని తనే తిట్టుకునేది.

ఒక రోజు సుద్దముక్క జారి బల్ల కిందకి దొర్లింది. తీద్దామని వంగితే పెద్దక్క బుట్ట చేతికి తగిలింది. ఎనిమిది నెలలుగా చీపురు కూడా దాన్ని తప్పించుకునే తిరిగింది. ఈసారి బయటికి లాగింది.

లోపల నీలం అల్లిక. మూడు మూలల గుడ్డ, ఒక కొస నుంచి మొదలై వెడల్పవుతూ వచ్చింది. ముదురు నీలం. పెద్దక్కకి ఆ రంగంటే గిట్టదు, బడిపిల్లల యూనిఫారం రంగనేది. ఆ రంగు ఇష్టపడేది చిన్నక్క. సూది ఇంకా ఆఖరి ఉచ్చులోనే ఉంది. పైవరస సగందాకా వచ్చి ఆగిపోయింది.

మూలన గుండుసూదితో ఒక చీటీ. కొట్టుకి వచ్చే ప్రతి బట్టకీ గుచ్చే కొలతల చీటీ లాంటిదే. ఎడమవైపుకి వాలిపోయే పెద్దక్క రాత.

"చిన్నది. తల ఇరవై రెండున్నర. జుట్టు కళ్ళలో పడుతోంది, అందుకే కుట్టు వంకర. తాళ్ళు తర్వాత."

చిన్నక్క బల్ల కిందే కూలబడింది. కోటు కుట్టు విప్పిన రోజున ఆవిడ ఒళ్ళో ఉన్నది ఇదన్నమాట. వంకర కుట్టు విప్పడం ఒక చేత్తో, ఆ వంకర రాకుండా చెయ్యడం ఒక చేత్తో. మాట అన్న నోటిని చేత్తో మూసుకుని ఏడ్చింది. బయట ఎవరో ప్యాంటు పట్టుకుని, "చిన్నక్కా, ఉన్నారా?" అని పిలిచారు. లేనని చెప్దామనుకుని ఆగింది.

మర్నాటికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ సగం వరస పూర్తి చెయ్యాలి. పెద్దక్క వరస మధ్యలో లేచేలా చేసింది తను. అంత ఘోరం ఆవిడ జీవితంలో ఇంకెవరూ చెయ్యలేదు. వరస ముగించి ఆవిడకి పంపాలి. ఉత్తరాలు రాయడం చేతకాదు, ఫోను రెండో రింగు దాకా ఆగే ధైర్యం లేదు. ఇదొక్కటే దారిగా కనిపించింది.

ఒక్కటే చిక్కు. చిన్నక్కకి క్రోషియా రాదు. చిన్నప్పుడు అమ్మ నేర్పబోతే నాలుగు గొలుసులు వేసి, చెయ్యి నొప్పని పారిపోయిన ఘనత ఆవిడది.

ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ యూనిఫారం అంచు కుట్టించుకోవడానికి వస్తూ ఉంటుంది. ముప్పై ఏళ్ళ పిల్ల, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక అల్లిక. బస్సు కోసం నిలబడి ఒక చేతిగుడ్డ, బస్సులో సీటు దొరికితే ఇంకో చేతిగుడ్డ. చిన్నక్క ఆవిణ్ణి పట్టుకుంది.

"నాకు నేర్పుతావా నర్సమ్మా? మూడు మూలలది, తలకి కట్టుకునేది."

"బాండానానా? అదెంతలే చిన్నక్కా. కొత్తగా పట్టుకునేవాళ్ళకి అంతకంటే తేలికైంది లేదు. మీకైతే రెండు రోజులు, మీ చేతికి దారం కొత్తా ఏమిటి?"

అదే కొంప ముంచింది. చేతికి దారం కొత్త కాకపోవడమే. దర్జీ చెయ్యి కుట్టు వేశాక దారాన్ని లాగి బిగిస్తుంది. లాగకపోతే కుట్టు కాదు. నలభై ఏళ్ళ అలవాటు. క్రోషియాలో లాగితే కుట్టులోని కన్ను మూసుకుపోతుంది, తర్వాతి వరసలో సూది దూరదు. చిన్నక్క ఒక్కో కుట్టూ వేసి ఠక్కున లాగేది. మూడో వరసకి అది గుడ్డ కాదు, చెక్క.

"వదలండి చిన్నక్కా, వదలండి. అది ఎక్కడికీ పారిపోదు" అనేది నర్సమ్మ.

"వదిలితే ఊడిపోదూ?"

"ఊడదు. పక్కనున్న కుట్టు పట్టుకుంటుంది దాన్ని."

మిగిలిపోయిన దారాలతో సాధన. మొదటి గుడ్డ చెక్కలా తయారైంది. రెండోది వెడల్పవ్వాల్సింది పోయి సన్నబడుతూ వచ్చి, చివరికి ఎలుకతోకై కూర్చుంది. ప్రతి వరస కొసనా ఆఖరి కుట్టు వెయ్యకుండానే తిరిగిపోతోందట. "కొసలో ఒకటి దాక్కుంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి, అందులో రెండు వేస్తేనే గుడ్డ పెరుగుతుంది" అని నర్సమ్మ చూపించింది. మూడోది ఒక పక్క ఏనుగు చెవిలా పెరిగింది, రెండో పక్క అలిగినట్టు ఆగిపోయింది. నాలుగోది నర్సమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. ఆసుపత్రిలో రోగి బంధువులకి చెప్పే గొంతుతో, "పర్లేదు" అంది.

అయిదోది గుడ్డలాగే ఉంది. ఆరోది బాండానాలాగే ఉంది. నర్సమ్మ దాన్ని తన తలకి కట్టుకుని అద్దంలో చూసుకుని, తీసి ఇవ్వకుండానే బస్సెక్కింది.

అప్పుడు చిన్నక్క బుట్ట తీసింది. నీలం అల్లికని బల్ల మీద పరిచి, చేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, సూది పట్టుకుంది. సూది పట్టుకుని ఆగిపోయింది. ఎక్కడో లెక్క కుదరడం లేదు. ఇంకా వెయ్యాల్సిన కళ్ళు కుడివైపున ఉన్నాయి. తన చెయ్యి నడిచేది ఎడమవైపుకి. అటేమో అన్నీ పెద్దక్క వేసేసినవి.

మర్నాడు నర్సమ్మ దాన్ని చూసి ఇటు తిప్పి అటు తిప్పి, "మీ అక్కది ఎడమ చేతి వాటం కదూ?" అంది.

"పుర్రచెయ్యి. అయితే?"

"అయితే ఆవిడ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. మనం కుడి నుంచి ఎడమకి. వరస కొసలో ఆపి ఉంటే ఏ గొడవా లేదు, మనం అందుకుని మన పద్ధతిలో వేసుకుంటూ పోవచ్చు. మధ్యలో ఆపేసింది. గుడ్డ తిరగేసి వేశామనుకోండి, ఈ సగం వరస మొహం ఇటు, ఆ సగం మొహం అటు ఉంటుంది. చూడగానే తెలిసిపోతుంది."

"మరేం చెయ్యాలి?"

"ఏముంది, ఈ సగం వరస విప్పేద్దాం. ఇరవై రెండు కుట్లు." నర్సమ్మ దారం కొస పట్టుకుంది. "ఒక్కసారి లాగితే జర్రున వచ్చేస్తుంది. మళ్ళీ మొదట్నుంచి మీరే–"

"వదులు."

నర్సమ్మ ఉలిక్కిపడింది. చిన్నక్క రెండు చేతులూ ఆ గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి.

"వదులమ్మా. అవి అక్క వేసినవి. అవి విప్పడానికి వీల్లేదు."

అన్నాక తన మాట తనకే వినిపించింది. ఈ కొట్టులో 'వీల్లేదు' అనేది ఒక్కరే.

నర్సమ్మ దారం వదిలేసింది. నర్సులకి ఎప్పుడు అడగకూడదో తెలుస్తుంది. తర్వాత తన కుర్చీ లాగి చిన్నక్క పక్క నుంచి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అయితే ఒకటే మార్గం. మీరు కూడా ఎడమ చేత్తో నేర్చుకోవాలి. నేను ఎదురుగా కూర్చుంటా, నన్ను అద్దం అనుకోండి. నా కుడి చెయ్యి ఏం చేస్తే మీ ఎడమ చెయ్యి అది చెయ్యాలి."

యాభై మూడేళ్ళ వయసులో ఎడమ చేతికి ఒక పని నేర్పడం అంటే మాటలు కాదు. ఆ చేతికి ఇన్నాళ్ళూ గ్లాసు పట్టుకోవడం, జుట్టు వెనక్కి తోసుకోవడం తప్ప ఇంకో ఉద్యోగం లేదు. సూది పట్టిస్తే కట్టెపుల్లలా పట్టుకుంది. దారం చుట్టమంటే గాలిని చుట్టింది. మళ్ళీ మొదటి గొలుసు నుంచి, మళ్ళీ చెక్క, మళ్ళీ ఎలుకతోక. చిన్నక్క పళ్ళు కొరికింది, సూదిని తిట్టింది, ఒకసారి విసిరేసింది కూడా. అది ఇస్త్రీ పెట్టె వెనక పడితే మోకాళ్ళ మీద పాకి తెచ్చుకుంది.

వెలుతురు తన కుర్చీలోకి ఎడమవైపు నుంచి వస్తుంది. ఎడమ చేతి పనికి అది అడ్డం. రెండో వారానికి లేచి పెద్దక్క కుర్చీలోకి మారింది. పదకొండేళ్ళు ఎదురుగా చూసిన కుర్చీ, ఒక్కసారీ కూర్చోలేదు. అక్కణ్ణుంచి చూస్తే కొట్టంతా వేరేగా ఉంది. మిషను చక్రం దూరం. తలుపు గడియ తిప్పలు. సొరుగు పిడి అటువైపు. అన్నీ తనలాంటి వాళ్ళ కోసం చేసినవే. అక్క ఒక్కనాడూ ఇది కష్టంగా ఉందని అనలేదు. తనేమో, "నీ చెయ్యి చూస్తుంటే నాకు తిక్క పుడుతుందే అక్కా" అని నవ్వేది. అక్కా నవ్వేది. ఇప్పుడు అక్క ఎక్కడ, ఎవరితో నవ్వుతోందో. ఆ కుర్చీ చేతిమీద చెక్క నున్నగా అరిగి ఉంది, సరిగ్గా మోచెయ్యి ఆనే చోట. తన మోచెయ్యి అక్కడ పెట్టుకుని కూర్చుంది.

ఆ కుర్చీలోంచి కళ్ళెత్తితే ఎదురుగా కనిపించేది ఒక్కటే, తన మిషను. తను ఉఫ్ అని జుట్టు ఊదుకుంటూ కూర్చునే చోటు.

అయిదు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేనప్పుడు, సాధన గుడ్డ పక్కన పెట్టి నీలం దాన్ని తీసుకుంది. ఎడమ చేత్తో సూది పట్టుకుంది. పెద్దక్క వేసిన ఇరవై రెండో కుట్టు పక్కన తన మొదటి కుట్టు వేసింది. రెండోది వేసింది. అయిదో కుట్టు దగ్గర అలవాటు మళ్ళీ నెత్తికెక్కి ఠక్కున లాగింది. పదకొండోది పక్కకి ఒరిగింది. విప్పి మళ్ళీ వేద్దామంటే భయం, ఎక్కడ జారి అక్కవి కూడా వచ్చేస్తాయోనని. అలాగే వదిలేసింది. కొసలో దాక్కున్న ఆఖరి కన్నుని వెతికి పట్టుకుని అందులో రెండు వేసింది.

మొత్తం పంతొమ్మిది కుట్లు. వరస పూర్తయింది.

ఎత్తి చూసుకుంది. ఇటువైపు పెద్దక్కవి, ఒకే పొడవున, నిదానంగా, వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా. అటువైపు తనవి, ఆ బడికి ఆలస్యంగా పరిగెత్తుకొచ్చినట్టు. ఎక్కడ అక్క ఆగిందో, ఎక్కడ తను మొదలుపెట్టిందో గుడ్డివాళ్ళు కూడా తడిమి చెప్పగలరు.

"మిగతా ఆరు వరసలూ లాగించెయ్యండి, ఇంకో పది రోజుల పని" అంది నర్సమ్మ.

"వద్దు. నా పని ఇంతే."

గుండీలు, జిప్పులు అమ్మే ఆయన ఊరూరూ తిరుగుతూ మూడు వారాలకోసారి వస్తాడు. పెద్దక్క ఇప్పుడున్న ఊరు రైల్లో ఆరు గంటల దూరం. ఒక హోటల్లో దుప్పట్లు, కర్టెన్లు కుట్టే గదిలో పని అని ఆ గుండీలాయనే మొదట చెప్పాడు. ఆయన చేతిలో పొట్లం పెట్టింది చిన్నక్క. ఉత్తరం రాద్దామని కూర్చుంటే 'అక్కా' తర్వాత కలం కదలలేదు. చివరికి కొలతల చీటీ ఒకటి తీసి, "వరస అయిపోయింది" అని రాసి గుండుసూదితో గుచ్చింది.

"ఏమన్నా చెప్పమంటారా చిన్నక్కగారూ?"

"పొట్లం ఇయ్యండి చాలు." ఆయన సంచీ భుజానికెత్తుకున్నాక వెనక నుంచి అంది: "అక్క చూసినప్పుడు ఏం చేసిందో మాత్రం చూసి రండి."

అప్పట్నుంచీ మూడు వారాలు చిన్నక్కకి తిండి సహించలేదు. పొట్లం విప్పగానే అక్క కళ్ళు నేరుగా ఎక్కడికి వెళ్తాయో తనకి తెలియదూ? వంకర ఉన్న చోటికి. అక్క చేతికి ఏం గుర్తొస్తుందో తెలియదూ? తన కుట్టు ఒక్కటైనా పదకొండేళ్ళలో విప్పకుండా వదిలిందా? విప్పేసి, శుభ్రంగా మళ్ళీ తనే వేసి పంపిస్తే ఇక చెప్పడానికేముంది. నా పంచన చేరావని తను అన్నదానికి, ఇక నీతో పని లేదని అక్క బదులు చెప్పినట్టే. ఆ సాయంత్రాల్లో ఫోను నంబరు నొక్కడం కూడా మానేసింది.

గుండీలాయన వచ్చాడు. వచ్చి నీళ్ళడిగాడు, తాగాడు, ఇంకో గ్లాసు అడిగాడు. కొన్ని గుండీలు బల్ల మీద పోసి, కొత్త రకం అని మొదలుపెట్టాడు.

"గుండీలు తర్వాత చూద్దాం బాబూ" అంది చిన్నక్క.

"అదే చెప్పబోతున్నానండీ. ఇచ్చాను. పొట్లం విప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. తర్వాత జేబులోంచి బ్లేడు ముక్క తీసిందండీ."

చిన్నక్క బల్ల అంచు పట్టుకుంది.

"తీసి?"

"నన్ను రెండు రోజులాగి రమ్మంది. వెళ్తే ఇది ఇచ్చింది." సంచీ అడుగు నుంచి పొట్లం తీశాడు. తను పంపిన కాగితమే, మళ్ళీ మడతపెట్టి కట్టింది.

ఆయన్ని పంపించేదాకా ముట్టుకోలేదు. తలుపు దగ్గరగా వేసి, పెద్దక్క కుర్చీలో కూర్చుని, దారం ముడి విప్పింది. నీలం గుడ్డ ఒళ్ళో పరుచుకుంది. కళ్ళతో వెతకడానికి ధైర్యం చాలక ముందు వేలితో తడిమింది. ఒరిగిపోయిన పదకొండోది తగిలింది. లాగి బిగించిన అయిదోది తగిలింది. అప్పుడు చూసింది. పంతొమ్మిదీ ఉన్నాయి. ఎలా వేసిందో అలాగే, ఆలస్యంగా వచ్చిన పిల్లలు ఆలస్యంగా వచ్చినట్టే ఉన్నారు.

వాటి మీద కొత్త వరస ఉంది. పెద్దక్కది. ప్రతి వంకర కన్నులోనూ సూది దూర్చి, దాని మీద తిన్నటి కుట్టు ఒకటి నిలబెట్టింది. బిగిసిపోయిన అయిదో దానిలో దూర్చడానికి ఎంత అవస్థ పడిందో, అక్కడ దారం కాస్త నలిగి ఉంది. బ్లేడు పెట్టి ఉంటే ఒక్క క్షణం పని. సరిగ్గా చిన్నక్క కుట్లు ఎక్కడ అయిపోయాయో అక్కడిదాకా వేసి, వరస మధ్యలో ఆపేసింది. సూది ఉచ్చులోనే ఉంది. ఇక వెయ్యాల్సినవన్నీ పెద్దక్క పాత కుట్ల మీద.

మూలన చీటీ. ఎడమవైపుకి వాలిన రాత.

"పంతొమ్మిదీ వంకరే. విప్పలేదు. తాళ్ళ పొడవు తల మీద చూసి వెయ్యాలి, నువ్వు కొలవకు. నేను వస్తాను."

ఎప్పుడో రాయలేదు. చిన్నక్క చీటీ తిరగేసి చూసింది, వెనక ఏమీ లేదు. ఆవిడంతే. రేపు రా అని చెప్పడం వచ్చు గానీ రేపు వస్తానని చెప్పడం రాదు. ఈ సగం పోను ఇంకా అయిదు వరసలున్నాయి. ఆరు గంటల దూరంలో ఒక కిటికీ దగ్గర అక్క ఉంది, ఇక్కడ ఈ కిటికీ దగ్గర అక్క కుర్చీ ఉంది. ఇన్ని నెలలుగా మోసిందంతా ఒక్కసారి కళ్ళలోకి వచ్చింది. దానికి తోడు జుట్టు కూడా పడింది. ఉఫ్ అని ఊదుకుంది.

ఎడమ చేత్తో సూది పట్టుకుంది. అక్క పాత కుట్టులోకి దూర్చి, దారం చుట్టి, లాగకుండా వదిలింది. ఊడిపోలేదు. ఇంకొకటి వేసింది.

బయట తలుపు మీద ఎవరో కొట్టారు. "చిన్నక్కా, ఉన్నారా? నా కోటు అయిందా?"

చిన్నక్క తల ఎత్తలేదు.

"ఒక్క వరస," అంది, "వస్తున్నా."